అదురుకో లెక్కుంది

గంటకు 95 కిలోమీటర్ల దాకా కారు నున్నగా పోతుంది. 105 దాటేసరికి పాదాల కింద సన్నటి వణుకు మొదలవుతుంది. 110 దగ్గర గేరు రాడ్డు పిడి అరచేతిలో జివ్వుమంటుంది, అద్దంలో వెనకొచ్చే బండి దీపాలు చెదిరిపోయి కనిపిస్తాయి, లోపలంతా ఒకటే హోరు. 120 దాటిస్తే మళ్లీ తగ్గుముఖం. కారు 1969 నాటి షెవ్రొలే షెవెల్ ఎస్‌ఎస్ 396. యజమాని టైర్లు మార్చాడు, చక్రాలు బ్యాలెన్స్ చేయించాడు, ప్రొపెల్లర్ షాఫ్టుకి రెండు క్రాసులూ కొత్తవి వేయించాడు, చివరికి షాఫ్టే మార్చేశాడు. అదురు మాత్రం పోలేదు. అమెరికాలో పాత మజిల్ కార్లను బాగుచేసుకుని నడుపుకునేవాళ్లలో ఎవరిని కదిపినా ఇంచుమించు ఇలాంటి కథే చెబుతారు.

ఇలా ఒక్కో భాగం మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుందే గాని జబ్బేమిటో తెలియదు. కారులో తిరిగే ప్రతి భాగానికీ ఒక వేగం ఉంది. చక్రం సెకనుకు ఇన్నిసార్లు, షాఫ్టు ఇన్నిసార్లు, ఇంజను ఇన్నిసార్లు. అదురు కూడా సెకనుకు ఇన్నిసార్లు అనే అంకెతోనే వస్తుంది. ఆ అంకె చేతికి చిక్కితే దోషి పేరు సగం చిక్కినట్టే. మొండి అదురును పట్టడమంటే నా దృష్టిలో ముందు లెక్కపెట్టడం, ఆ తర్వాతే పానా పట్టడం.

ముందు ఈ కార్ల కడుపులో ఏముందో చూద్దాం. మజిల్ కార్ల చరిత్రను చాలామంది 1964 పాంటియాక్ జీటీవోతో మొదలుపెడతారు. మధ్యతరహా కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ అప్పట్లో తన విభాగాలకు కట్టడి విధించింది. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్, ఆయన బృందం దానికొక దారి కనిపెట్టారు. టెంపెస్ట్ అనే మధ్యతరహా కారుకు 389 ఘనపు అంగుళాల (సుమారు 6.4 లీటర్ల) ఇంజనును ఒక ఆప్షన్‌గా జతచేసి అమ్మారు. అది జనానికి విపరీతంగా నచ్చింది. పోటీ కంపెనీలూ అదే బాట పట్టాయి. ముందు పెద్ద వీ8 ఇంజను, దాని వెనకే గేరుబాక్సు, అక్కడి నుంచి కారు నడుం కింద ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడవాటి ఉక్కు గొట్టం, దాని చివర డిఫరెన్షియల్, రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. ఇదీ అమరిక.

ఇక్కడో ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. 1961 నుంచి 1963 దాకా వచ్చిన టెంపెస్ట్‌లో యూనివర్సల్ జాయింట్ (మన మెకానిక్‌లు క్రాసు అనేది) ఉన్న షాఫ్టే లేదు. గేరుబాక్సును వెనక్కి తీసుకుపోయి, ఇంజనుకూ దానికీ మధ్య ముప్పావు అంగుళం మందానికి మించని ఉక్కు కడ్డీని విల్లులా వంచి పెట్టారు. మధ్యలో మూడంగుళాల వంపు. ఆ వంపులోనే కడ్డీ గిర్రున తిరిగేది. ఎంత తెగువ గల ఆలోచనో! 1964లో కొత్త టెంపెస్ట్ వచ్చేసరికి ఆ కడ్డీ పోయి, అందరూ వాడే గొట్టం షాఫ్టు, గట్టి ఇరుసు వచ్చాయి. అంటే జీటీవో పుట్టేనాటికి ఆ కారు కిందికి యూనివర్సల్ జాయింట్లు వచ్చి చేరాయన్నమాట.

ఈ అమరిక మనకు కొత్తదేం కాదు. లారీలు, పాత అంబాసిడర్లు, జీపులు అన్నీ ఇలా నడిచినవే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కింద పడుకుని క్రాసు మార్చే మెకానిక్‌ను తీసుకెళ్లి షెవెల్ కింద పడుకోబెడితే, కమాను కట్టల బదులు కాయిల్ స్ప్రింగులు ఉన్నాయే అంటాడు తప్ప మిగతాదంతా గుర్తుపడతాడు.

ఇక లెక్క. షెవెల్ చక్రానికి సుద్దతో గీత పెట్టి, నేల మీదా గీత పెట్టి, చదునైన చోట పది చుట్లు దొర్లేదాకా మెల్లగా తోయాలి. ఆ కాలపు సైజు టైరుకు సమానమైన 225/70 ఆర్ 14 టైరైతే టేపు మీద ఇంచుమించు ఇరవైన్నర మీటర్లు వస్తుంది. చుట్టుకి 2.05 మీటర్లు. గంటకు 110 కిలోమీటర్లంటే సెకనుకు 30.6 మీటర్లు. అంటే టైరు సెకనుకు 15 చుట్లు. డిఫరెన్షియల్‌లో పళ్ల నిష్పత్తి 3.55 అనుకుందాం, షాఫ్టు తిప్పే పినియన్‌కి 11 పళ్లు, పినియన్ తిప్పే క్రౌనుకి 39. చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్టు మూడున్నర చుట్లకు పైగా తిరగాలి. అలా షాఫ్టుకి సెకనుకు 53 చుట్లు. యూనివర్సల్ జాయింట్ వంకరగా పనిచేస్తే షాఫ్టు చుట్టుకి రెండుసార్లు కుదుపుతుంది, అది 106. నాలుగో గేరులో ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి ఇంజనుకూ 53. ఎనిమిది సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను చుట్టుకి నాలుగుసార్లు పేలుతుంది, అది 212. క్రౌను, పినియన్ పళ్లు ఒరుసుకునేది 580 దాటుతుంది. అది చెవికి ఏడుపులా వినిపిస్తుందే గాని సీటును అదరగొట్టదు.

15, 53, 106, 212. ఇవీ అనుమానితుల అంకెలు. మిల్లీమీటర్ల కచ్చితత్వంతో పని లేని ఈ లెక్క కాగితం మీద ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. డిఫరెన్షియల్ నిష్పత్తి కాగితాల్లో చూసి రాసుకోకూడదు. ఈ వయసు కార్లలో దాన్ని ఎవరో ఒకరు మార్చే ఉంటారు. వెనక చక్రాలు రెండూ లేపి, షాఫ్టు మీద గుర్తు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. రెండు చక్రాలూ ఒకే దిక్కుకి తిరిగే పాజిట్రాక్షన్ రకమైతే చక్రం ఒక చుట్టుకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని రెండు చుట్లు తిప్పాలి. స్పీడోమీటరునూ నమ్మరాదు. నిష్పత్తి మారితే అది చూపే వేగమూ తప్పుతుంది. జీపీఎస్ వేగమే ప్రమాణం.

ఒంటికి తెలిసేదాన్ని బట్టి కొంత వడపోత జరిగిపోతుంది. సెకనుకు పదిహేను అంటే కంటికి కనిపించే ఊపు. ముందు చక్రాల నుంచి వస్తే స్టీరింగు ఊగుతుంది, వెనక నుంచైతే సీటు. యాభై దగ్గరకు వచ్చేసరికి అది ఊపు కాదు, జివ్వుమనే స్పర్శ. నూరు దాటితే చెవుల్ని అదిమే హోరు. మన షెవెల్‌లో స్టీరింగు కదలడం లేదు, పిడి జివ్వుమంటోంది, హోరు ఉంది. టైర్ల మీద పెట్టిన ఖర్చు అనవసరమేనని ఇక్కడే తేలిపోయింది.

మిగిలిన చిక్కు 53 దగ్గరుంది. నాలుగో గేరులో ఇంజనుదీ షాఫ్టుదీ ఒకటే అంకె. ఇద్దరు దొంగలకు ఒకే వేలిముద్ర. ఈ కార్లలో మొండి అదుర్లు ఏళ్ల తరబడి దొరక్కపోవడానికి ఇదే పెద్ద కారణమని నేననుకుంటాను. విడదీసే ఉపాయం మాత్రం చాలా సులువు. అదే 110లో మూడో గేరు వేయాలి. 1966 తర్వాతి మన్సీ ఎం-20 గేరుబాక్సులో మూడో గేరు నిష్పత్తి 1.46. రోడ్డు వేగం మారలేదు కాబట్టి షాఫ్టు 53 దగ్గరే ఉంటుంది. ఇంజను మాత్రం 77కి, అంటే నిమిషానికి 4,640 చుట్లకు ఎక్కుతుంది. అదురు 110 దగ్గరే నిలిచిందా, షాఫ్టు వైపు చూడాలి. 110లో పోయి, మూడో గేరులో 75 కిలోమీటర్ల దగ్గర మళ్లీ పుట్టిందా, ఇంజను వైపు చూడాలి. మూడో గేరులో 75 దగ్గరే ఇంజను మళ్లీ సెకనుకు 53 చుట్లు తిరుగుతుంది.

టర్బో హైడ్రామాటిక్ 400 వంటి ఆటోమేటిక్ గేరుబాక్సు ఉంటే ప్రకృతే ఇంకో ఆనవాలు ఇస్తుంది. ఆ రోజుల్లో టార్క్ కన్వర్టరుకు లాకప్ లేదు. లోపల నూనె కాస్త జారుతుంది, ఇంజను ఎప్పుడూ షాఫ్టు కంటే కొద్దిగా ముందుంటుంది. షాఫ్టు 53, ఇంజను 54.5 అయితే రెండింటి అదుర్లూ ఒకసారి కలిసి పెరుగుతాయి, ఒకసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సెకనుకు ఒకటిన్నరసార్లు హోరు ఎక్కి దిగుతుంది. ఫిజిక్సు పుస్తకాల్లో విస్పందనాలని చదువుకున్నవి ఇవే. హోరు అలా ఎక్కి దిగుతూ ఉంటే దోషులు ఇద్దరున్నారని, వాళ్ల వేగాలు దగ్గర దగ్గరగా ఉన్నాయని అర్థం.

న్యూట్రల్‌లో వేసి జారనిచ్చి చూసే పరీక్ష అందరూ చేస్తారు. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద మంచిదే. అదురు అలాగే ఉంటే ఇంజను నిర్దోషి. కానీ అదురు పోయినంత మాత్రాన ఇంజనే దోషి అనుకుంటే పొరపాటు. న్యూట్రల్ వేయగానే షాఫ్టు మీది లాగుడు పోతుంది, లాగుడుతో పాటు ఇరుసు మెలికా సడలుతుంది, జాయింట్ల కోణాలు మారిపోతాయి. షాఫ్టు తప్పు కూడా ఆ క్షణం దాక్కుంటుంది. అందుకే మూడో గేరు పరీక్షకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇప్పుడు చాలామంది ఫోను తీసి సీటు పట్టాల మీద పెట్టి అదురు కొలుస్తున్నారు. మంచి పద్ధతి. అయితే ఫోను సెకనుకు ఎన్నిసార్లు చదువుతోందో చూసుకోవాలి. సెకనుకు 100సార్లు చదివే సెన్సరు 50 లోపు కదలికలను మాత్రమే నిజంగా చూడగలదు. అంతకుమించినవి ముందే వడకట్టకపోతే మారువేషంలో కనబడతాయి. 53 వచ్చి 47 లాగా నిలబడుతుంది. 106 మరీ ఘోరం, 6గా కనిపిస్తుంది. ఒకసారి చదవడానికీ మళ్లీ చదవడానికీ మధ్య అది ఒక పూర్తి ఊపు ఊగి, మీద ఆరు శాతం మాత్రమే జరుగుతుంది. సెన్సరుకు ఆ ఆరు శాతమే కనబడుతుంది. తెర మీద 6 చూసినవాడు టైరు కంటే నెమ్మదిగా కదిలేది ఈ కారులో ఏముందా అని స్ప్రింగుల దగ్గర వెతుకుతాడు. సెకనుకు 400సార్లు చదివే యాప్ ఉంటే సరే. లేకపోతే మైకుతో హోరును రికార్డు చేసి దాని వర్ణపటం చూడటం మేలు. మైకు సెకనుకు వేలసార్లు చదువుతుంది.

అంకె 53 అని, దోషి ఇంజను వైపు కాదని తేలితే, షాఫ్టు బరువు ఒక పక్కకి ఒరిగిందన్నమాట. బరువు ఎంతో ఉండక్కర్లేదు. మూడంగుళాల గొట్టం మీద ఒక పక్క 30 గ్రాములు ఎక్కువుందనుకోండి. అది కేంద్రానికి 38 మిల్లీమీటర్ల దూరంలో, సెకనుకు 53 చుట్లు తిరుగుతోంది. బయటికి లాగే బలం లెక్కకడితే 126 న్యూటన్లు, ఇంచుమించు 13 కిలోల బరువు. ఇంట్లో గ్యాసు సిలిండరులో పట్టే గ్యాసు 14.2 కిలోలు. దానికి కాస్త తక్కువైన బరువు షాఫ్టు చివర వేలాడుతూ సెకనుకు 53సార్లు దిక్కు మారుస్తోందన్నమాట. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు, అంటే మూడు కిలోల చిల్లరకు పడిపోతుంది. ఊళ్లో తిప్పినప్పుడు కారు బంగారంలా ఉండి, రహదారి ఎక్కగానే అదరడం అందుకే.

దీన్ని షాఫ్టు దింపకుండా సరిచేసే పాత పద్ధతి ఒకటుంది. నాకు చాలా ఇష్టమైనది. కారును స్టాండ్ల మీద నిలబెట్టాలి. స్టాండ్లు ఛాసిస్ కింద కాకుండా ఇరుసు కిందే ఉండాలి, లేకపోతే ఇరుసు వేలాడి కోణాలన్నీ మారిపోతాయి. వెనక చక్రాలు తీసి, డ్రమ్ములు ఊడిపోకుండా నట్లు బిగించాలి. రేడియేటరు గొట్టాలకు వాడే హోస్ క్లాంపులు రెండు తెచ్చి, షాఫ్టు వెనక చివర దగ్గర పక్కపక్కన తొడగాలి. షాఫ్టు చుట్టూ సుద్దతో నాలుగు గుర్తులు. రెండు క్లాంపుల స్క్రూ తలలూ ఒకటో గుర్తు మీద పెట్టి, ఇంజను నడిపి, అదురు ఎంతో రాసుకోవాలి. ఇంజను ఆపి, స్క్రూలను రెండో గుర్తు మీదికి జరిపి మళ్లీ. అలా నాలుగూ. ఒక చోట అదురు బాగా తగ్గుతుంది. తేలిక పక్క అదే. తగ్గింది గాని ఇంకా మిగిలిందంటే, ఆ చోటు నుంచి ఒక స్క్రూని ఇటు, రెండో స్క్రూని అటు సమానంగా జరుపుకుంటూ పోవాలి. రెండూ ఒకే చోట ఉంటే రెండు స్క్రూల బరువు పనిచేస్తుంది. చెరో 60 డిగ్రీలు విడిపోతే ఒక్క స్క్రూ బరువే మిగులుతుంది. ఎదురెదురుగా వస్తే సున్నా. ఒక స్క్రూడ్రైవరుతో గ్రాము గ్రాముకూ బరువు మార్చగల త్రాసు ఇది. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఎవరూ దాని పక్కనో కిందనో ఉండకూడదు. ఈ మాట విషయంలో ఎలాంటి సడలింపూ లేదు. గాలి తగలని ఇంజను త్వరగా వేడెక్కుతుంది కూడా, ఒక్కోసారి అర నిమిషం మించి నడపక్కర్లేదు.

క్లాంపులు ఎక్కడ పెట్టినా అదురు తగ్గకపోతే గొట్టం వంగి ఉండొచ్చు, డయల్ గేజు ఆనించి చేత్తో తిప్పితే తెలుస్తుంది. గేరుబాక్సు తోకలోని బుష్ అరిగిపోయి షాఫ్టు ముందు కొన ఊగుతూ ఉండొచ్చు. క్రాసును పట్టి ఉంచే పినియన్ యోకే కేంద్రం తప్పి ఉండొచ్చు. ఈ చివరిదాన్ని పట్టాలంటే షాఫ్టు వెనక కొనను విప్పి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి నడపాలి. అదురు పెరిగినా తరిగినా తప్పు షాఫ్టూ యోకూ కలిసే చోట ఉంది.

53 ఇంజనుదని తేలిన కార్లలో నాకు ఆసక్తిగా అనిపించే కారణం ఇంకొకటి. షెవ్రొలే 396, 454 ఇంజన్లు బయటికి ఒక్కలా కనిపిస్తాయి. 396లో క్రాంకు బ్యాలెన్స్ అంతా లోపలే ఉంటుంది. ఆ తరం 454లో కొంత బరువును ముందున్న డ్యాంపరులోనూ, వెనకున్న ఫ్లైవీలులోనూ కావాలనే ఒక పక్కకి పెట్టారు. 396 తీసి 454 పెట్టినవాడు పాత ఫ్లైవీలునే బిగించాడంటే ఆ బరువు లేకుండాపోతుంది, క్రాంకు జీవితాంతం అదురుతుంది. షాఫ్టు ఎన్నిసార్లు మార్చినా దానికి మందు కాదు. డ్యాంపరు బయటి కట్టును పట్టి ఉంచే రబ్బరు ఎండి జారినా ఇదే లక్షణం కనబడుతుంది.

ఇక 106. మన షెవెల్‌లో హోరు ఇక్కడిదే. దీన్ని అర్థం చేసుకోవాలంటే నాలుగు శతాబ్దాలకు పైగా వెనక్కి వెళ్లాలి. వంగిన రెండు షాఫ్టుల మధ్య తిరుగుడును అందించే శిలువ ఆకారపు జాయింట్‌కు పదహారో శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరుంది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ దాన్ని లోతుగా పరిశీలించాడు. ఆ జాయింట్ తిరుగుడును అందిస్తుంది గాని, సమానంగా అందించదు. కార్ల కాలం వచ్చాక కోర్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న క్లారెన్స్ స్పైసర్ దాన్ని దుమ్ము సోకకుండా, నూనె కారకుండా తొడుగులో పెట్టి 1903లో పేటెంటు పొందాడు. గొలుసులతో చక్రాలు తిప్పే కార్లకు అలా కాలం చెల్లింది.

అసమానత ఎంత? ముందు షాఫ్టు నిమిషానికి సరిగ్గా 3,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. జాయింట్ 3 డిగ్రీలు వంగి ఉంటే రెండో షాఫ్టు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 3,004కి ఎక్కి, రెండుసార్లు 2,996కి దిగుతుంది. 10 డిగ్రీలు వంగితే 3,046కీ 2,954కీ మధ్య ఊగుతుంది. నాలుగు చుట్ల తేడా ఎంతలే అనిపిస్తుంది. కానీ ఆ తేడా సెకనులో వందసార్లు వచ్చిపోతుంది. ఒక కొసన బరువైన ఫ్లైవీలు, ఇంకో కొసన ఇరుసూ చక్రాలూ. రెండూ తమ వేగం మార్చుకోవడానికి ఒప్పుకోవు. ఆ పెనుగులాట గేరుబాక్సు మౌంటు గుండా, ఇరుసును పట్టి ఉంచే చేతుల గుండా కారు నేలలోకి వస్తుంది.

మందు అమరికలోనే ఉంది. షాఫ్టు రెండో కొసన ఇంకో జాయింట్ పెట్టి, దాన్నీ అంతే కోణంలో వంచి, రెండు యోకులూ ఒకే వరసలో ఉండేలా వెల్డ్ చేస్తే మొదటిది చెడగొట్టినదాన్ని రెండోది సరిదిద్దుతుంది. గొట్టం మాత్రం ఎక్కుతూ దిగుతూ తిరుగుతుంది, పినియన్‌కి అందేది సమానమైన తిరుగుడే. కోణాలు సమానంగా ఉన్నంతవరకే ఈ మేలు. పాత కారును బాగుచేసే క్రమంలో చెడేది కూడా ఇదే. కారు కిందికి కూర్చోవాలని పొట్టి స్ప్రింగులు వేస్తారు, ఇరుసు పైకి జరుగుతుంది. కొత్త మౌంటు ఎత్తు అరంగుళం తేడా ఉంటుంది. ఐదు గేర్ల కొత్త గేరుబాక్సు పెట్టి, షాఫ్టును ఎక్కడో కత్తిరించి వెల్డ్ చేయిస్తారు. ఆ వెల్డింగులో యోకుల వరస తప్పిందంటే ఒకదాన్నొకటి సరిదిద్దాల్సిన జాయింట్లు ఒకదానికొకటి తోడవుతాయి. పాత మౌంట్ల మాటా తక్కువేం కాదు. 1965 నుంచి 1969 దాకా వచ్చిన షెవ్రొలే బళ్లలో ఇంజను మౌంట్లు తెగిపోతున్నాయని 1971 చివర్లో జనరల్ మోటార్స్ 67 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. మౌంటు కుంగితే ఇంజను కోణం మారుతుంది, దాంతో ముందు జాయింట్ కోణమూ మారుతుంది.

కోణాలు కొలిచే పని కంటితో అయ్యేది కాదు. కారు బరువు చక్రాల మీదే ఉండాలి, డిజిటల్ యాంగిల్ గేజు ఒకటి చాలు. గేరుబాక్సు తోక, షాఫ్టు గొట్టం, పినియన్ యోకు, మూడు చోట్ల కొలవాలి. ఉదాహరణకి గేరుబాక్సు వెనక్కి 4 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్టు 1 డిగ్రీ, పినియన్ ఒకటిన్నర. ముందు జాయింట్ కోణం 3, వెనకది అర డిగ్రీ. తేడా రెండున్నర డిగ్రీలే కదా, వెనకది కొంతైనా సరిదిద్దుతుందిలే అనిపిస్తుంది. సరిదిద్దడం జరిగేది కోణాల వర్గాల లెక్కన. 9లోంచి 0.25 తీసేస్తే 8.75. వెనక జాయింట్ ఉన్నా లేనట్టే, ఒంటి జాయింట్ 3 డిగ్రీల్లో పనిచేస్తున్నట్టే. కొత్త క్రాసులు, కొత్త షాఫ్టు దీన్ని ఏం చేయగలవు?

మన షెవెల్ 110 దగ్గరే ఎందుకు అదురుతుంది, 120కి ఎందుకు తగ్గుతుంది అన్న ప్రశ్న మిగిలే ఉంది. ప్రతి గొట్టానికీ వంగి ఊగే సొంత వేగం ఒకటుంటుంది. మూడంగుళాల ఉక్కు గొట్టం, 1.4 మీటర్ల పొడవు, రెండు కొసలూ గట్టిగా ఆనించి ఉంటే అది సెకనుకు 107 దగ్గరకు వస్తుంది. నిజమైన కారులో కొసలు మెత్తగా ఉంటాయి కనుక ఇంకొంచెం తక్కువ. షాఫ్టు తిరిగే వేగం ఈ అంకెను చేరితే గొట్టం విల్లులా వంగి కొరడా తిప్పినట్టు తిరుగుతుంది. స్కాట్లండు శాస్త్రవేత్త రాంకిన్ 1869లో దీన్ని లెక్కకట్టి, ఆ వేగాన్ని దాటడం అసాధ్యమన్నాడు. తర్వాత స్వీడన్ ఇంజనీరు డి లావల్ సన్నటి షాఫ్టులతో దాన్ని దాటించి టర్బైన్లు తిప్పి చూపించాడు, ఎలా సాధ్యమో 1919లో జెఫ్‌కాట్ గణితంతో వివరించాడు. మన కారు షాఫ్టు 53తోనే తిరుగుతోంది, ఆ హద్దుకి సగం దూరంలోనే ఉంది. కానీ వంకర జాయింట్ కుదిపేది 106సార్లు. షాఫ్టు సగం వేగంలో ఉండగానే జాయింట్ కుదుపు గొట్టం సొంత ఊపును తాకుతోంది. అనునాదం అక్కడ పుట్టింది. వేగం ఇంకాస్త పెంచితే కుదుపు ఆ ఊపును దాటిపోతుంది, హోరు తగ్గుతుంది.

ఇలాంటప్పుడు అల్యూమినియం షాఫ్టు వేయిస్తే పోతుందని సలహా ఇస్తారు. ఉక్కుకీ అల్యూమినియానికీ బిగువును సాంద్రతతో భాగిస్తే వచ్చే అంకె దాదాపు ఒక్కటే. అంటే అదే వ్యాసం, అదే పొడవు ఉంటే రెండు గొట్టాలూ ఒకే వేగం దగ్గర ఊగుతాయి. అల్యూమినియం షాఫ్టుల్లో కలిగే మేలు చాలావరకు వాటిని మూడున్నర అంగుళాల లావుతో చేయడం వల్ల వచ్చేది. లావు పెరిగితే ఆ వేగం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, పొడవు పెరిగితే వర్గం చొప్పున పడిపోతుంది. అయినా కోణాలు సరిచేయకుండా లావు షాఫ్టు వేయడమంటే అదురును ఇంకో వేగానికి బదిలీ చేయడమే.

కోణాలు సరిచేయడం పెద్ద ఖర్చు కాదు. మన ఉదాహరణలో గేరుబాక్సు తోక కింద రేకులు పెట్టి ఒక డిగ్రీ లేపితే ముందు జాయింట్ 2 డిగ్రీలకు వస్తుంది. షెవెల్‌లో ఇరుసును పట్టి ఉంచే పై చేతుల బదులు పొడవు మార్చుకునే రకం వేసి పినియన్ ముక్కును సరిచేసుకోవచ్చు. కమాను కట్టలున్న కెమారో, మస్టాంగ్ లాంటి కార్లలోనైతే ఇరుసుకీ కట్టకీ మధ్య వాలు రేకులు పెడతారు. కోణం 3 డిగ్రీలు దాటకూడదు. అలాగని సున్నాకీ దించకూడదు. క్రాసు కప్పుల్లోని సూది బేరింగులు కొంచెమైనా దొర్లకపోతే ఒకే చోట గుంటలు పడి పాడవుతాయి. కనీసం అర డిగ్రీ ఉంచాలి.

యాక్సిలరేటరు తొక్కినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది, వదిలినప్పుడు దిగుతుంది. రెండు జాయింట్లూ అన్ని వేళలా సమానంగా ఉండటం ఇలాంటి ఇరుసుతో కుదరదు. అందుకే నిలిపి ఉన్నప్పుడు ముక్కును ఒక డిగ్రీ కిందికి ఉంచి, రహదారి మీద నిలకడగా పోయేటప్పుడు సరిపోయేలా చూస్తారు. కమాను కట్టలు ఎక్కువ మెలిపడతాయి కాబట్టి వాటికి ఇంకాస్త ఎక్కువ ఉంచాలి. పని అయ్యాక అదే రోడ్డు మీద, అదే 110లో మూడు విధాలుగా కొలవాలి. తొక్కుతూ ఒకసారి, నిలకడగా ఒకసారి, కాలు తీసేసి ఒకసారి. 106 దగ్గరున్న శిఖరం నిలకడ వేగంలో పడిపోయి, కాలు తీసినప్పుడు కాస్త తలెత్తితే అమరిక కుదిరినట్టు. తొక్కినప్పుడు పెరిగి, కాలు తీసినప్పుడు పోతే ముక్కు ఇంకా పైకి ఉంది, మరో అర డిగ్రీ దించాలి. 106 తగ్గి 53 అలాగే నిలిచిందంటే కోణాల పని అయిపోయింది, ఇక హోస్ క్లాంపులు తీసుకోవాల్సిందే.